వేడిని నమ్మిన మనిషి: రుడాల్ఫ్ డీజిల్

నల్లమల అంచున ఉన్న గిద్దలూరు ప్రాంతంలో పుష్యమాసపు తెల్లవారుజామున చేలగట్ల మీద పొగమంచు తెరకట్టి ఉంటుంది. ఆ వేళ పాత ట్రాక్టరును కదిలించి పొలానికి బయలుదేరబోయే రైతు పడే అవస్థ పల్లెవాసులు ఎరుగనిది కాదు. తాళం తిప్పితే యంత్రం రెండు మూడు మూలుగులు మూలిగి ఊరుకుంటుంది. పొగగొట్టం నుండి తెల్లని పొగ ఒకసారి గుప్పుమంటుంది, అంతే. అదే ట్రాక్టరు మధ్యాహ్నం మొదటి పిలుపుకే పలుకుతుంది. చమురు మారలేదు, యంత్రం మారలేదు. మారినది వేడిమి ఒక్కటే.

ఈ చిన్న అనుభవం వెనుక ఒక పెద్ద సూత్రమున్నది. ఆ సూత్రం వెనుక ఒక మనిషి జీవితమున్నది. మనం బస్సులలో, బంకులలో, పొలాలలో నిత్యం పలికే డీజిలు అన్న మాట చమురుకు పేరు కాకముందు ఒక మనిషి ఇంటిపేరు. ఆ మనిషి కథ చదువుకునే పిల్లలకూ, చదువు చెప్పే పెద్దలకూ కూడా తెలియదగినది. ఎందుచేతనంటే అది విజయగాథ మాత్రమే కాదు. కాగితం మీది లెక్కను ఇనుము ఏ విధంగా సరిదిద్దినదో చెప్పే కథ.

రుడాల్ఫ్ డీజిల్ 1858వ సంవత్సరం మార్చి 18వ తేదీన పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనులు, బవేరియా నుండి బ్రతుకుతెరువుకై వచ్చి స్థిరపడినవారు. తండ్రి థియోడోర్ తోలు వస్తువులు చేసి అమ్మేవాడు. కుటుంబం సంపన్నమైనది కాదు. 1870లో ఫ్రాన్సుకూ జర్మన్ రాజ్యాలకూ యుద్ధం వచ్చినది. ఫ్రాన్సులోని జర్మనులు ఇళ్ళు విడిచి వెళ్ళవలసివచ్చినది. డీజిల్ కుటుంబం లండను చేరినది. అక్కడ పూట గడవడమే కష్టమైనందున పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను ఔగ్స్‌బుర్గ్ పట్టణంలోని బంధువుల వద్దకు పంపివేశారు. అతనిని ఆదరించిన ఆ ఇంటి యజమాని క్రిస్టోఫ్ బార్నికెల్ గణితోపాధ్యాయుడు. ఒక ఉపాధ్యాయుని నీడలో పెరగడం ఆ బాలుని జీవితానికి దారి చూపినది. పద్నాలుగో ఏటనే తాను యంత్రశిల్పి కావాలని అతడు నిశ్చయించుకున్నాడు.

ఔగ్స్‌బుర్గ్ పాఠశాలలో అతడొక చిన్న పరికరం చూశాడని చెబుతారు. అది గాజుగొట్టం. దాని అడుగున ఎండిన దూదివంటి పదార్థముంచి, పైనుండి ఒక దండాన్ని బలంగా ఒత్తితే లోపలి గాలి నలిగి, వేడెక్కి, ఆ పదార్థం రగులుకుంటుంది. నిప్పు లేదు, అగ్గిపుల్ల లేదు. గాలిని నొక్కినందుకే మంట పుట్టినది. మన పిల్లలకు ఇది వింత కానక్కరలేదు. సైకిలు చక్రానికి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగు చేతికి చురుక్కుమనడం అందరూ ఎరిగినదే. ఆ చురుకును చూసి చేయి వెనక్కు తీసుకునేవారే లోకంలో ఎక్కువ. అది ఎంతవరకు పెరగగలదని ఆలోచించేవాడు ఎప్పుడో ఒక్కడు.

1875లో విద్యార్థివేతనం సంపాదించి రుడాల్ఫ్ మ్యూనిక్ సాంకేతిక విద్యాలయంలో చేరాడు. అక్కడ కార్ల్ లిండే అతని ఆచార్యుడు. శీతల యంత్రాలను నిర్మించి మంచుగడ్డల పరిశ్రమకు పునాది వేసినవాడు లిండే. ఆయన తరగతిలో ఆవిరియంత్రాల పాఠం జరుగుతున్నప్పుడు డీజిల్‌ను ఒక సంగతి కలచివేసినది. బొయిలరులో తగులబెట్టిన బొగ్గు ఇచ్చే వేడిలో నూటికి పదిపాళ్ళు కూడా పనిగా మారడం లేదు. మిగిలినదంతా పొగగొట్టం వెంట, ఆవిరి వెంట వృథాగా పోతున్నది. అంతకు అర్ధశతాబ్దం ముందే, 1824లో, ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సాదీ కార్నో ఒక ఉష్ణయంత్రం అత్యధికంగా ఎంత పని ఇవ్వగలదో లెక్క చూపి ఉన్నాడు. ఆ లెక్కకూ లోకంలోని యంత్రాలకూ నడుమ ఉన్న అగాధాన్ని పూడ్చడమే తన పని అని ఆ విద్యార్థి భావించాడు.

1879లో చివరి పరీక్షల సమయానికి అతనికి విషజ్వరం తగిలినది. పరీక్ష తప్పిపోయినది. మళ్ళీ అవకాశం వచ్చేవరకు ఊరకుండక స్విట్జర్లాండులోని వింటర్‌థూర్ పట్టణంలో సుల్జర్ సోదరుల కార్ఖానాలో పనిచేసి చేతిపని నేర్చుకున్నాడు. 1880 జనవరిలో పరీక్షకు కూర్చుండి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడైనాడు. వెంటనే లిండే అతనిని పారిస్‌లోని మంచుకర్మాగారంలో నియమించాడు. ఏడాది తిరిగేసరికి ఆ కర్మాగారానికి అధికారి అయినాడు. సీసాలలోనే నిర్మలమైన మంచుగడ్డను తయారుచేసే పద్ధతికి 1881లో పేటెంటు కూడా పొందాడు.

వేడి యంత్రానికి జనకుడు కాబోయేవాడు పది సంవత్సరాలకు పైగా మంచు వ్యాపారంలో గడిపినాడన్నది విచిత్రంగా తోచవచ్చు. కాని ఆలోచించినచో ఇందులో వైచిత్ర్యం లేదు. వాయువును నొక్కితే వేడెక్కుతుంది; వ్యాకోచింపనిస్తే చల్లబడుతుంది. మంచు చేసేవాడు రెండవ సగాన్ని వాడుకుంటాడు; డీజిల్ మనస్సు మొదటి సగం చుట్టూ తిరుగుతున్నది. మొదట ఆవిరికి బదులు అమ్మోనియా వాయువుతో యంత్రం నడపాలని ఏళ్ళ తరబడి పాటుపడ్డాడు. అది ఫలించలేదు. 1883లో మార్తా ఫ్లాషేను వివాహమాడాడు; ముగ్గురు బిడ్డలు కలిగారు. 1890లో కుటుంబంతో బెర్లిను చేరాడు. అక్కడ అతని ఆలోచన ఒక రూపం దాల్చినది. 1892లో పేటెంటుకు దరఖాస్తు పెట్టాడు. 1893 ఫిబ్రవరిలో అది మంజూరైనది. అదే సంవత్సరం తన సిద్ధాంతాన్ని వివరిస్తూ ఒక చిన్న పుస్తకం ప్రకటించాడు.

ఆ ఆలోచన సారాంశమిది. పెట్రోలు యంత్రంలో గాలీ చమురూ కలిసి లోపలికి పోతాయి; విద్యుత్ నిప్పురవ్వ దానిని అంటిస్తుంది. డీజిల్ యంత్రంలోకి మొదట గాలి మాత్రమే పోతుంది. ముషలకం, అనగా పిస్టను, ఆ గాలిని అతి చిన్న చోటులోకి నలిపివేస్తుంది. ఆ నలుగుడుకు గాలి చమురును అంటించగలిగినంత వేడెక్కుతుంది. సరిగ్గా ఆ క్షణంలో చమురును చిమ్మితే అది తనంతట తానే మండుతుంది. గాలిని ఎంత ఎక్కువగా నలిపితే అంత ఎక్కువ వేడి పనిగా మారుతుంది. బయటి నిప్పుతో నిమిత్తం లేదు. గాలిలో పుట్టిన వేడియే యంత్రానికి ప్రాణం.

ఇక్కడనే డీజిల్ ఒక పొరపాటు చేశాడు. తాను ఊహించిన విధంగా చమురు మండితే లోపలి వేడి మితిమీరదనీ, వాయువు వ్యాకోచించి తనంతట తానే చల్లబడుతుందనీ అతని లెక్క. అందుచేత సిలిండరు చుట్టూ నీళ్ళు త్రిప్పి చల్లబరచవలసిన పని లేదని భావించాడు. నీరు తీసుకుపోయే వేడి పని చేయని వేడి గదా! వృథాను నిర్మూలించడానికి పుట్టిన యంత్రంలో ఆ వృథాకు చోటెందుకు? తర్కానికి లోపం కనబడదు. ఆ విధంగా తొలి యంత్రం నీటి తొడుగు లేకుండానే తయారైనది.

ఔగ్స్‌బుర్గ్ యంత్రకర్మాగారాధిపతి హైన్రిక్ బుట్స్, ఉక్కు పరిశ్రమాధిపతులైన క్రుప్ సంస్థవారు ప్రయోగాలకు ధనసహాయం చేయడానికి అంగీకరించారు. 1893 ఆగస్టు 10వ తేదీన మొదటి పరీక్ష జరిగినది. చమురు లోపలికి చిమ్మగానే పెద్ద చప్పుడుతో ఒత్తిడిని కొలిచే సాధనం పగిలి ముక్కలైనది. దగ్గర నిలిచిన డీజిల్ ప్రమాదం నుండి తప్పించుకున్నాడు. అయినా అతడు నిరాశ చెందలేదు. నలిగిన గాలి చమురును అంటించగలదని ఆ ప్రేలుడే రుజువుచేసినది.

1894 ఫిబ్రవరి 17వ తేదీన మరొక పరీక్ష. బయటి చక్రానికి పట్టీ తగిలించి యంత్రాన్ని త్రిప్పుతున్నారు. ఉన్నట్టుండి పట్టీ బిగువు మారినది. అంతవరకు లాగబడుతున్న యంత్రం తానే లాగడం మొదలుపెట్టినది. ఆ మార్పును మొదట గుర్తించినవాడు డీజిల్ కాదు. దగ్గరనున్న అనుభవజ్ఞుడైన పనివాడు. అతడు మాట్లాడక తలమీది టోపీ తీసి నిలబడ్డాడట. యంత్రం ఆనాడు ఒక నిమిషం సేపు, 88 చుట్లు మాత్రమే తిరిగినది. ఆ ఒక్క నిమిషం కోసం పదేళ్ళకు పైగా పట్టినది.

తరువాతి మూడేళ్ళూ మార్పులతోనే గడిచినవి. పుస్తకంలో వ్రాసిన అత్యధికమైన ఒత్తిడులను తగ్గించుకోవలసివచ్చినది. ఊహించిన దహనవిధానాన్ని మార్చుకోవలసివచ్చినది. వద్దనుకున్న నీటి తొడుగును సిలిండరు చుట్టూ అమర్చవలసివచ్చినది. లేనిచో లోహం ఆ వేడికి తాళదు, కందెన నూనె మాడిపోతుంది, ముషలకం బిగుసుకుపోతుంది. డీజిల్ అభిమానం గలవాడే, కాని ఇనుము చెప్పిన మాటను కాదనలేదు. 1897 ఫిబ్రవరి 17వ తేదీన ఆచార్య మోరిట్జ్ ష్రోటర్ సుమారు 20 అశ్వశక్తి గల కొత్త యంత్రాన్ని పరీక్షించి, చమురులోని వేడిలో నూటికి 26 పాళ్ళు పనిగా మారుతున్నదని తేల్చినాడు. ఆనాటి ఏ ఉష్ణయంత్రమూ అంత దూరం పోలేదు. సిద్ధాంతం వాగ్దానం చేసినదానికి అది తక్కువ. లోకం అంతవరకు చూసినదానికి చాలా ఎక్కువ.

కీర్తి వెల్లువగా వచ్చినది. అమెరికాలో యంత్రనిర్మాణ హక్కులను అడోల్ఫస్ బుష్ అన్న వ్యాపారి పది లక్షల మార్కులకు కొన్నాడు. 1898లో కెంప్టెన్ పట్టణంలోని అగ్గిపెట్టెల కర్మాగారానికి రెండు సిలిండర్ల యంత్రం సరఫరా అయినది. నిప్పు అవసరం లేని యంత్రం అగ్గిపుల్లలు చేసేవారింట అడుగుపెట్టడం విధి చేసిన చమత్కారం కాబోలు. కాని తొలి యంత్రాలు తరచు మొరాయించేవి. ప్రయోగశాలలో నిపుణుల చేతిలో నడిచినది వేరు. సామాన్యుని చేతిలో దినమంతా నడవవలసినది వేరు. కొన్నవారు ఫిర్యాదులు చేశారు. ప్రత్యర్థులు పేటెంటు చెల్లదని వ్యాజ్యాలు వేశారు. ఇంగ్లండులో హెర్బర్ట్ అక్రాయిడ్ స్టూవర్ట్ 1890లోనే ఒక చమురుయంత్రానికి పేటెంటు పొందియున్నాడు. అయితే అందులో చమురును అంటించేది ఒక లోహపు బుర్ర. దానిని బయలుదేరేముందు బయటి దీపంతో కాల్చవలసి ఉండేది. గాలిని నలిపిన వేడితోనే మంట పుట్టించడం డీజిల్ మార్గం. ఈ వివాదాల ఒత్తిడికి అతని ఆరోగ్యం చెడి 1898లో కొన్నాళ్ళు చికిత్సాలయంలో ఉండవలసివచ్చినది.

1900లో పారిస్‌లో జరిగిన ప్రపంచ ప్రదర్శనలో ఈ యంత్రానికి అత్యున్నత బహుమానం లభించినది. అక్కడనే మన మెట్టభూముల రైతులకు ఆసక్తి కలిగించదగిన మరొక సంగతి జరిగినది. ఒక చిన్న డీజిల్ యంత్రాన్ని వేరుశనగనూనెతో నడిపి చూపించారు. ఆ యంత్రంలో ఏ మార్పూ చేయకయే నడిపినందున చూపరులలో చాలమంది ఆ విశేషాన్ని గమనించనే లేదు. వేరుశనగ పండే ఆఫ్రికా వలసలలో అక్కడి పంటతోనే యంత్రం నడుపుకోవచ్చునన్న ఆలోచన ఆ ప్రయోగానికి మూలం. విత్తనాల నూనెలకు ముందుకాలంలో గొప్ప ప్రాధాన్యం రావచ్చునని డీజిల్ 1912లో కూడ చెప్పియున్నాడు.

డీజిల్‌కు యంత్రమొక్కటే లోకం కాదు. పెద్ద ఆవిరియంత్రాన్ని కొనలేని చిన్న చేతిపనివారికి చౌకగా శక్తి దొరకాలన్నది అతని ఆదినుండి కోరిక. శ్రామికులు కలిసికట్టుగా తమ పరిశ్రమలను తామే నడుపుకోవాలని బోధించే గ్రంథాన్ని 1903లో ప్రకటించాడు. అది అమ్ముడుపోలేదు. మ్యూనిక్‌లో భవనం కట్టుకున్నాడు గాని ధనాన్ని నిలబెట్టుకునే నేర్పు అతనికి లేకపోయినది. భూములలోనూ ఇతర వ్యాపారాలలోనూ పెట్టిన సొమ్ము చాలవరకు పోయినది. 1912లో డెన్మార్కులో నిర్మించిన సెలాండియా అన్న ఓడ డీజిల్ యంత్రాలతో మహాసముద్రాలు దాటుతున్న కాలానికి ఆ యంత్రకర్త అప్పులలో మునిగి ఉన్నాడు.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంత్రం ఆంట్వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాడు. సహప్రయాణికులతో భోజనంచేసి, రాత్రి పది గంటలకు తన గదికి పోయాడు. తెల్లవారి చూస్తే పడక నలగలేదు. అతని టోపీ, పైకోటు ఓడ వెనుకభాగంలో దొరికినవి. కొద్దిరోజుల తరువాత ఒక డచ్చి పడవవారికి సముద్రంలో ఒక మృతదేహం కనబడినది. దుస్తులలోని చిన్న వస్తువులను తీసుకొని దేహాన్ని ఆనాటి నావికుల అలవాటు చొప్పున సముద్రానికే వదిలివేశారు. ఆ వస్తువులు తన తండ్రివేనని కుమారుడు ఔగెన్ గుర్తించాడు. ప్రాణం తీసుకున్నాడా, కాలు జారినదా, ఎవరైనా త్రోసివేశారా అన్నది నేటికీ తేలలేదు. అప్పటికి అతని వయస్సు 55 సంవత్సరాలు.

అతని యంత్రం పొలంలో అడుగుపెట్టడం అతడు చూడలేదు. ఆ రోజులలో చమురు చిమ్మడానికి గాలిని బంధించే పెద్ద సాధనం కావలసివచ్చేది. అది బండిమీద ఇమిడేది కాదు. 1920 తరువాత జర్మనీలో చిన్న యంత్రాలు ట్రాక్టర్లకు ఎక్కినవి. 1927లో బాష్ సంస్థ చమురు పంపులను విరివిగా తయారుచేయసాగినది. 1931లో అమెరికాలో క్యాటర్‌పిల్లర్ సంస్థ డీజిలు ట్రాక్టరును విపణిలోకి తెచ్చినది. మన దేశంలో ఫరీదాబాదులో 1959లో ఈషర్ ట్రాక్టరు తయారైనది. 1960లో మద్రాసులో టాఫే సంస్థ ఏర్పడినది. బావి గట్టున టకటకలాడే ఆయిలింజనుకూ, దుక్కి దున్నే ట్రాక్టరుకూ మూలపురుషుడు ఒక్కడే.

ఇప్పుడు ఆ తెల్లవారుజాము ట్రాక్టరు వద్దకు మళ్ళీ వద్దాము. రాత్రంతా చలికి సిలిండరు గోడలు చల్లబడినవి. ముషలకం గాలిని నలిపి వేడిపుట్టించగానే ఆ చల్లని లోహం దానిని లాగుకుంటుంది. పాతయంత్రంలో వలయాలు అరిగి గాలి కొంత జారిపోతుంది. నూనె చిక్కబడి త్రిప్పుడు మందగిస్తుంది. ఇన్ని విధాల తగ్గిన వేడి చమురును అంటించలేదు. అంటుకోని చమురే తెల్లపొగగా బయటపడుతుంది. ఆయిలింజను త్రిప్పే మనిషి మొదట మీట ఎత్తి గాలిని వదలివేసి, చక్రం వేగమందుకున్న తరువాత మీట దించేదీ, వేగంగా నలిపితే గోడలు వేడిని దొంగిలించడానికి వ్యవధి ఉండదనే.

గడ్డకట్టే చలి ఉన్న దేశాలలో ఈ చిక్కు మరీ ఎక్కువ. అక్కడి రైతులు పూర్వం సాయంత్రం రేడియేటరులోని నీళ్ళు వదలివేసి ఉదయం వేడినీళ్ళు పోసేవారు. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో ఆండ్రూ ఫ్రీమన్ విద్యుత్తుతో యంత్రాన్ని వెచ్చబరచే సాధనాన్ని రూపొందించి 1949లో పేటెంటు పొందాడు. నేడు వాడే సాధనాలలో ముఖ్యమైనది యంత్రంలోని నీటినే వెచ్చబరుస్తుంది. యంత్రపు దిమ్మెకు పోతపోసేవేళ మిగిలిన రంధ్రాలను రేకుబిళ్ళలతో మూసి ఉంచుతారు. యంత్రం చల్లారిన తరువాత నీళ్ళన్నీ దించి, అట్టి బిళ్ళ ఒకటి తీసివేసి, రంధ్రపు అంచును శుభ్రపరచి, అక్కడ వేడికడ్డీని బిగిస్తారు. కడ్డీ సిలిండరు గోడను తాకరాదు. మరొక పద్ధతిలో రేడియేటరు క్రింది రబ్బరుగొట్టంలో సాధనాన్ని అమరుస్తారు. వేడెక్కిన నీరు సంవహనం చేత పైకి పోయి చల్లని నీరు క్రిందికి వస్తుంది. పిదప నీళ్ళు నింపి, లోపల చిక్కిన గాలిని వెడలించి, కారడం లేదని నిశ్చయపరచుకున్న తరువాతనే విద్యుత్తు ఇవ్వాలి. నీరు లేనప్పుడు ఇస్తే కడ్డీ మాడిపోతుంది. తీగ పొగగొట్టానికీ పంకాకూ దూరంగా ఉండాలి. భూమి తీగ కలిపి తీరాలి. ఇక గాలితో చల్లారే పాత ఈషర్ వంటి యంత్రాలలో నీరే లేదు గనుక ఈ ఉపాయం పనికిరాదు.

మన గిద్దలూరు చలికి సాధారణంగా అంత ఏర్పాటు అవసరముండదు. ఎండ పొడిచేదాకా ఓపిక పట్టినా చాలును. కాని ఆ నీటిని గురించి ఒక్కమాట ఆలోచించదగినది. డీజిల్ తన తొలి లెక్కలో దానిని వృథా అని త్రోసివేశాడు. అనుభవం నేర్పగా తిరిగి పిలిచి సిలిండరు చుట్టూ కాపలా పెట్టాడు. మధ్యాహ్నపు ఎండలో యంత్రం మాడిపోకుండా మితిమీరిన వేడిని మోసుకుపోయే ఆ నీరే, చలిదేశపు ఉదయాన ప్రాణాధారమైన వేడిని తెచ్చి లోహానికి అందిస్తున్నది.

తప్పని తేలిన లెక్కను దిద్దుకున్నందువల్ల డీజిల్ చిన్నవాడు కాలేదు. దిద్దుకోకుండా ఉంటే ఆ యంత్రం పుస్తకంలోనే మిగిలి, అతని పేరు ఎవరికీ తెలియకపోయేది. సైకిలు పంపు పట్టుకున్న విద్యార్థికి చేయి చురుక్కుమన్నప్పుడు, ఆ చురుకును కొలవమని చెప్పే ఉపాధ్యాయుడు పక్కన ఉంటే చాలు. ఆ బడిలో డీజిల్ జీవితం వృథా పోలేదని చెప్పవచ్చును.